జక్రాన్‌పల్లికి విమానం వస్తే మంచిదే.. మరి దాని చక్రాలను చూసేదెవరు?

వేల్పూర్, ఆర్మూర్, బాల్కొండ వైపు విమానం అంటే దూరపు ముచ్చట కాదు. దుబాయ్, మస్కట్, సౌదీ, ఖతర్‌లలో కొడుకో, తమ్ముడో, అల్లుడో లేని గల్లీ ఇక్కడ తక్కువ. సెలవు మీద వచ్చినవాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు ఇంటిల్లిపాదీ దువా చేసి, రాత్రికి రాత్రి 44వ నంబర్ జాతీయ రహదారి మీదుగా శంషాబాద్‌కు సాగనంపుతారు. నిజామాబాద్ నుంచి హైదరాబాద్ నగరానికే సుమారు 175 కిలోమీటర్లు. విమానాశ్రయం ఇంకా అవతల. అందుకే ఆర్మూర్ పక్కనున్న జక్రాన్‌పల్లిలో ఎయిర్‌పోర్టు అనగానే ఈ ప్రాంతంలో ఆశ పుడుతుంది.

రాష్ట్రంలో కొత్త విమానాశ్రయాల కోసం పరిశీలించిన ఆరు చోట్లలో జక్రాన్‌పల్లి ఒకటి. మిగతావి వరంగల్ మామునూరు, ఆదిలాబాద్, పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్, మహబూబ్‌నగర్, భద్రాద్రి కొత్తగూడెం. వీటిలో మామునూరుకు 2025 ఫిబ్రవరి చివరలో కేంద్రం పచ్చజెండా ఊపింది. ఆదిలాబాద్ విషయంలో వైమానిక దళం సానుకూలంగా స్పందించింది. జక్రాన్‌పల్లి వంతు ఎప్పుడొస్తుందన్నది రాజకీయ చర్చ. ఇక్కడ ఇంకో ప్రశ్న కూడా ఉంది.

ఇలాంటి ఊళ్లకు మొదట వచ్చేవి పెద్ద బోయింగ్‌లు కావు. 70, 80 మంది కూర్చునే ఏటీఆర్, క్యూ400 రకం ప్రొపెల్లర్ విమానాలు, ఎయిర్ అంబులెన్సులు, పైలట్ శిక్షణ విమానాలు వస్తాయి. రోజంతా ఎక్కువసార్లు ఎగిరి, ఎక్కువసార్లు దిగే విమానాలివి. దిగిన ప్రతిసారీ బరువంతా చక్రాల మీద పడుతుంది. వాటి చక్రాలు సరిగ్గా ఉన్నాయని ఎవరు చూస్తారు, ఎవరు సంతకం చేస్తారు, ఆ సంతకాన్ని తనిఖీ చేసేవాళ్లు తగినంత మంది ఉన్నారా?

రన్‌వే మీదే మిగిలిపోయిన చక్రం

2021 మే 6. దేశమంతా కరోనా రెండో అల. నాగపూర్ నుంచి ఒక ఎయిర్ అంబులెన్స్ బయలుదేరింది. బీచ్‌క్రాఫ్ట్ సీ-90 రకం చిన్న విమానం. లోపల ఇద్దరు సిబ్బంది, ఒక రోగి, రోగి బంధువు, ఒక డాక్టర్, మొత్తం ఐదుగురు. గాల్లోకి లేచేటప్పుడే ఒక చక్రం ఊడిపోయింది. పైలట్ విమానాన్ని ముంబైకి తీసుకెళ్లాడు. అక్కడ ఎమర్జెన్సీ ప్రకటించి, రన్‌వే మీద నురుగు పరిచారు. విమానాన్ని పొట్ట మీదే దించాడు. ఐదుగురూ బతికారు.

ఆ పైలట్‌ను అప్పటి విమానయాన మంత్రితో పాటు దేశమంతా మెచ్చుకుంది. మెచ్చుకోవాల్సిందే. కానీ పైలట్ నేర్పరి కాబట్టి ఐదు ప్రాణాలు దక్కాయన్నది ఒక సంగతి, ఎగరడానికి ముందు ఆ చక్రం అంత బలహీనంగా ఎలా ఉండిపోయిందన్నది వేరే సంగతి. మొదటిదాని మీద అందరూ మాట్లాడారు. రెండోదాని మీద చర్చ జరగలేదు.

నాలుగేళ్ల తర్వాత, 2025 సెప్టెంబర్ 12న గుజరాత్‌లోని కాండ్లాలో దాదాపు అదే జరిగింది. ముంబైకి బయలుదేరిన స్పైస్‌జెట్ క్యూ400 విమానం పైకి లేచాక, దాని బయటివైపు చక్రం ఒకటి రన్‌వే మీద దొరికింది. విమానం నుంచి నల్లటి వస్తువేదో కింద పడటం టవర్‌లోని కంట్రోలర్ కంటపడింది. విమానంలో 75 మంది ప్రయాణికులున్నారు. ముంబైలో క్షేమంగా దిగింది. ఆ రకం విమానానికి ఒక్కో ప్రధాన కాలుకు రెండేసి చక్రాలుంటాయి కాబట్టి, మిగిలిన చక్రం భారం మోసింది.

ఈ రెండింటిలోనూ ప్రాణనష్టం లేదు. అందుకే రెండు రోజుల వార్తగా మిగిలిపోయాయి. ఎవరూ చనిపోని ప్రమాదమే అసలు పాఠం చెబుతుందని విమాన భద్రత తెలిసినవాళ్లు అంటారు. విమానం ముక్కలు కాదు, సాక్షులు బతికే ఉంటారు, విరిగిన భాగం చేతికి దొరుకుతుంది.

చక్రం ఎందుకు మొండికేస్తుంది?

విమానం కింద ఉండే చక్రాలు, వాటిని మోసే కాళ్లు, కుదుపును తట్టుకునే స్ట్రట్లు, బ్రేకులు, కాళ్లను మడిచి తెరిచే యంత్రాంగం.. అన్నిటినీ కలిపి ల్యాండింగ్ గేర్ అంటారు. సెస్నా 152, 172 లాంటి శిక్షణ విమానాలకు చక్రాలు ఎప్పుడూ కిందికే ఉంటాయి, మడవడం ఉండదు. బీచ్‌క్రాఫ్ట్, ఏటీఆర్ లాంటివాటిలో ఎగిరాక చక్రాలు లోపలికి పోతాయి, దిగే ముందు బయటికొస్తాయి. మూడు కాళ్లూ కిందికి దిగి గట్టిగా బిగుసుకుంటే పైలట్ ముందు మూడు పచ్చ లైట్లు వెలుగుతాయి.

మడిచే చక్రాలకు జబ్బులు ఎక్కువ. హైడ్రాలిక్ నూనె కారడం, మోటారు మొరాయించడం, తలుపు అడ్డుపడటం, సెన్సర్ తప్పు చెప్పడం. మడవని చక్రాలకు ముఖ్యమైన జబ్బు ఒకటే, గట్టిగా దిగడం. నేర్చుకునే పిల్లవాడు వెనుక చక్రాలకు బదులు ముందు చక్రం మీద దించుతాడు, విమానం బంతిలా ఎగిరి మళ్లీ పడుతుంది. ముందు కాలు వంగొచ్చు. అది బిగించి ఉన్న గోడలాంటి భాగంలో చీలిక రావొచ్చు. పైకి చూస్తే ఏమీ కనిపించదు. మర్నాడు పొద్దున అదే విమానం ఇంకో విద్యార్థి చేతికి వెళ్తుంది.

ప్రపంచంలో జరిగిన కొన్ని సంఘటనలు చూస్తే, ఈ వైఫల్యాల వెనుక ఎంత చిన్న కారణాలుంటాయో తెలుస్తుంది. 2007 మార్చి 13న జపాన్‌లోని కోచి విమానాశ్రయంలో ఒక క్యూ400 విమానం ముందు చక్రం బయటికి రాక ముక్కు మీదే దిగింది. ముందు చక్రం తలుపు యంత్రాంగంలో ఒక బోల్టు బిగించనే లేదని దర్యాప్తులో తేలింది. అదే ఏడాది సెప్టెంబర్ 9న డెన్మార్క్‌లో, 12న లిథువేనియాలో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ క్యూ400 విమానాల కుడి కాలు దిగగానే కూలిపోయింది. కాలును దించే రాడ్ మరల్లో తుప్పు పట్టడమే కారణం. అక్టోబర్ 27న మూడోసారి జరిగింది, ఈసారి ఒక రబ్బరు రింగు ఎక్కడో ఇరుక్కుని నూనె దారికి అడ్డుపడింది. ఒక బోల్టు, ఇంత తుప్పు, ఒక రబ్బరు రింగు. ఇన్ని ఘటనల్లోనూ ఒక్కరూ చనిపోలేదు.

అయితే రెండు ప్రమాదాలు జరగ్గానే అక్కడి నియంత్రణ సంస్థలు ఊరుకోలేదు. 10,000 ల్యాండింగ్‌లు దాటిన క్యూ400 విమానాలన్నిటినీ ఆపి, ఆ భాగాలు చూశాకే ఎగరనివ్వాలని ఆదేశాలొచ్చాయి. ఒక దేశంలో దొరికిన తుప్పు కోసం ప్రపంచమంతా ఆ రకం విమానాలను వెతికారు. భద్రతా నిబంధన పనిచేయడం అంటే ఇదే. ఒక చోట విరిగింది ఇంకో చోట విరగక ముందే చూడటం.

కరాచీ చెప్పిన పాఠం

చక్రం బాగానే ఉండి, మనిషి పొరపాటు చేసిన ఘటన కూడా ఒకటుంది. 2020 మే 22, ఈద్‌కు రెండు రోజుల ముందు. లాక్‌డౌన్ సడలించాక సొంతవాళ్లతో పండుగ చేసుకుందామని లాహోర్ నుంచి కరాచీకి బయలుదేరిన కుటుంబాలు ఆ విమానంలో ఉన్నాయి. పీఐఏ 8303. ఇది చిన్న విమానం కాదు, ఎయిర్‌బస్ ఏ320. కానీ పాఠం అందరికీ వర్తిస్తుంది.

ప్రాథమిక దర్యాప్తు నివేదిక ప్రకారం పైలట్లు చక్రాలను ఒకసారి దించారు. రన్‌వే ఇంకా 5 నాటికల్ మైళ్ల దూరంలో ఉండగా మళ్లీ పైకి లాగేశారు. విమానం ఉండాల్సినదానికంటే ఎత్తులో, వేగంగా వస్తోంది. హెచ్చరికలు మోగుతున్నా పట్టించుకోలేదు. చక్రాలు లేకుండానే ఇంజిన్లు రన్‌వేను రాసుకుంటూ వెళ్లాయి. పైలట్ మళ్లీ పైకి లేపాడు. దెబ్బతిన్న రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. విమానం ఇళ్ల మీద కూలింది. లోపలున్న 99 మందిలో 97 మంది చనిపోయారు. ఇద్దరే బతికారు. ఇళ్లలో ఉన్న ఒకరు కూడా ప్రాణం కోల్పోయారు.

ఇంజిన్లు నేలను రాసుకోవడాన్ని టవర్ సిబ్బంది చూశారు. ఆ మాట నేరుగా పైలట్లకు చేరలేదు. కొన్ని వారాలకే ఆ దేశంలో పైలట్ల లైసెన్సుల మీద అనుమానాలు బయటపడ్డాయి. యూరప్ నియంత్రణ సంస్థ పీఐఏ విమానాలను రానివ్వకుండా ఆపేసింది. ఆ నిషేధం 2024 చివరిదాకా కొనసాగింది. నిఘా వ్యవస్థ మీద నమ్మకం పోతే ఒక్క విమానంతో ఆగదు, దేశం పేరంతా పోతుందని కరాచీ చూపించింది.

కాగితం మీద నిబంధనలు గట్టివే

మన దేశంలో నిబంధనలు లేవని ఎవరూ అనలేరు. విమానాల భద్రతను చూసేది డీజీసీఏ. ప్రమాదాలను దర్యాప్తు చేసేది ఏఏఐబీ, 2012లో వేరుగా ఏర్పడింది. 1934 నాటి పాత చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ప్రమాద దర్యాప్తు ఉద్దేశం మళ్లీ జరగకుండా చూడటమే తప్ప నింద వేయడం కాదని 2017 నిబంధనలు చెబుతున్నాయి.

ప్రతి విమానానికీ నిర్ణీత గంటలకోసారి తనిఖీ ఉండాలి. ల్యాండింగ్ గేర్‌కు గంటలతో పాటు ఎన్నిసార్లు దిగిందన్న లెక్క, ఎన్నేళ్లయిందన్న లెక్క కూడా ఉంటాయి. ఏది ముందొస్తే అప్పుడు విప్పి చూడాలి. పని పూర్తయ్యాక లైసెన్సున్న మెయింటెనెన్స్ ఇంజినీర్, అంటే ఏఎంఈ, సంతకం చేస్తేనే విమానం ఎగరాలి. విమానం ఎగరడానికి యోగ్యంగానే ఉందన్న ధ్రువపత్రాన్ని గడువు లోపల సమీక్షించాలి. తయారీదారు గానీ నియంత్రణ సంస్థ గానీ ఫలానా భాగం చూడండి అని ఆదేశిస్తే తప్పించుకోవడానికి లేదు.

మరి లోటు ఎక్కడ? మొదటిది, సంతకం చేసే మనిషి. ఏఎంఈకి జీతమిచ్చేది విమానం యజమానే. ఈ కాలు బాగాలేదు, ఎగరనివ్వను అనే హక్కు నిబంధన అతనికిచ్చింది. కానీ విమానం ఆగిన ప్రతి రోజూ యజమానికి నష్టం. పెద్ద కంపెనీలో ఒక విమానం ఆగితే ఇంకోటి ఉంటుంది. రెండు మూడు విమానాలున్న చిన్న సంస్థలో ఒకటి ఆగితే వ్యాపారమే ఆగుతుంది. శిక్షణ సంస్థలోనైతే విద్యార్థులు వరుసలో ఎదురుచూస్తుంటారు. గట్టిగా దిగిన సంగతి లాగ్‌బుక్‌లో రాస్తే తనిఖీ చేయాలి, రాయకపోతే రేపు ఎగరొచ్చు. రాయొద్దని ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేదు. ఆ ఒత్తిడే చెబుతుంది.

రెండోది, ఆ లాగ్‌బుక్ చదివేవాళ్లు. డీజీసీఏలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయని 2025లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఎత్తిచూపింది. విమానాలు పెరుగుతున్నాయి, విమానాశ్రయాలు పెరుగుతున్నాయి, శిక్షణ సంస్థలు పెరుగుతున్నాయి. చూసే కళ్లు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. పెద్ద ఎయిర్‌లైన్ల మీదే దృష్టంతా పెడితే, మూలన ఉన్న చిన్న హ్యాంగర్ వంతు ఎప్పుడొస్తుంది?

శిక్షణ విమానాల లెక్క

మన రాష్ట్రం ఈ నొప్పి ఎరిగినదే. 2019 అక్టోబర్‌లో వికారాబాద్ జిల్లా బంట్వారం మండలంలో సెస్నా 172 కూలి ఇద్దరు శిక్షణ పైలట్లు చనిపోయారు. 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లా పెద్దవూర దగ్గర సెస్నా 152 కూలి ఒక యువతి ప్రాణం కోల్పోయింది. 2023 డిసెంబర్ 4న, ఆర్మూర్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలోనే ఉన్న తూప్రాన్ వద్ద వైమానిక దళ శిక్షణ విమానం కూలి ఇద్దరు చనిపోయారు. ఇవి చక్రాల వల్ల జరిగినవి కావు. తూప్రాన్ విమానం డీజీసీఏ పరిధిలోది కూడా కాదు. కానీ శిక్షణ విమానంలో పొరపాటుకు చోటు ఎంత తక్కువో ఇవి గుర్తుచేస్తాయి.

2023 అక్టోబర్‌లో మహారాష్ట్రలోని బారామతిలో ఒకే సంస్థకు చెందిన రెండు శిక్షణ విమానాలు నాలుగు రోజుల వ్యవధిలోనే కూలాయి. అప్పుడు ఆ సంస్థ శిక్షణను డీజీసీఏ తాత్కాలికంగా నిలిపేసింది. 2025 అక్టోబర్‌లో తొలిసారి శిక్షణ సంస్థలకు ర్యాంకులు ప్రకటించింది. జాబితాలోని 35 సంస్థల్లో పై రెండు శ్రేణుల్లో ఒక్కటీ లేదు. 13 సంస్థలకు ‘బి’, 22 సంస్థలకు ‘సి’ దక్కాయి. లక్షలకు లక్షలు పోసి పిల్లలను పైలట్ చేయాలనుకునే తల్లిదండ్రులు ఈ ఒక్క లెక్కను రెండుసార్లు చదవాలి.

కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. అందులో వందల సార్లు దిగడం ఉంటుంది. ఆ ప్రతిసారీ భారం ఆ మూడు చక్రాల మీదే.

చేయాల్సింది ఏమిటి?

గట్టిగా దిగిన సంగతి చెప్పినవాళ్లకు శిక్ష ఉండకూడదు, దాచినవాళ్లకు ఉండాలి. ఇప్పుడు చాలా చోట్ల దీనికి తలకిందులుగా నడుస్తోంది. విద్యార్థి గానీ మెకానిక్ గానీ పేరు బయటపడకుండా నేరుగా నియంత్రణ సంస్థకు చెప్పుకునే దారి ఉండటమే కాదు, అలాంటి దారి ఉందని వాళ్లకు తెలియాలి. చిన్న విమానాల్లో కుదుపు ఎంతో కొలిచి నమోదు చేసే పరికరం ఉంటే, దాచడానికి వీలే ఉండదు.

చిన్న సంస్థల హ్యాంగర్లకు చెప్పకుండా వెళ్లి తనిఖీ చేయాలి. అంతకుముందు ఖాళీ పోస్టులు నింపాలి. ఇన్‌స్పెక్టర్ లేని చోట నిబంధన గోడ మీద క్యాలెండర్ లాంటిదే. చక్రాలకు సంబంధించిన ప్రతి ఘటన మీద దర్యాప్తు ఫలితం, ఎవరూ చనిపోకపోయినా, మామూలు జనానికి అర్థమయ్యే భాషలో బయటపెట్టాలి. నాగపూర్ చక్రం నుంచి నేర్చుకున్నది కాండ్లాలోని మెకానిక్ బల్ల మీదికి చేరాలి.

కొత్త విమానాశ్రయాల విషయంలో ఇంకోటి. నాగపూర్‌లో చక్రం పోగొట్టుకున్న విమానానికి దిగడానికి ముంబై ఉంది, అక్కడ నురుగు పరిచే ఏర్పాటు ఉంది. చిన్న ఎయిర్‌పోర్టులో అగ్నిమాపక బండ్లు, సిబ్బంది, దగ్గర్లో ఆస్పత్రి సరిపడా లేకపోతే, అదే ఘటన వేరేలా ముగుస్తుంది. విమానాలు లేచాక, దిగాక రన్‌వే మీద ఏం పడిందో చూసే అలవాటు కూడా ఉండాలి. కాండ్లాలో ఆ కంట్రోలర్ కన్ను చేసిన పని అదే.

కుటుంబాలు కూడా కొన్ని అడగొచ్చు. ఎయిర్ అంబులెన్స్ మాట్లాడేటప్పుడు గాబరాలో రేటు ఒక్కటే అడుగుతాం. మధ్యవర్తితో కాకుండా అసలు విమానం ఎవరిది, వాళ్లకు డీజీసీఏ పర్మిట్ ఉందా అని ఆస్పత్రి వాళ్ల ద్వారానైనా అడిగించాలి. పిల్లలను ఫ్లయింగ్ స్కూల్‌లో చేర్పించేటప్పుడు ర్యాంకు ఎంత, విమానాలు ఎన్ని, వాటిలో ఎగిరేవి ఎన్ని, మెయింటెనెన్స్ ఎవరు చేస్తారు, గట్టిగా దిగితే ఏం చేస్తారని అడగాలి. జవాబు చెప్పడానికి ఇష్టపడని స్కూల్ అక్కడే సగం జవాబు చెప్పినట్టు.

వేల్పూర్ రైతుకు ఈ పద్ధతి కొత్త కాదు. పసుపు ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి మార్కెట్‌కు తెస్తే, కొనేవాడు కొమ్ము విరిచి లోపలి రంగు చూడకుండా ధర చెప్పడు. పైమెరుగు చూసి మోసపోయేవాడు ఆ వ్యాపారంలో నిలవడు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది, అది ఏళ్ల తరబడి అడిగి తెచ్చుకున్నది. రేపు విమానాశ్రయం కూడా అలాగే అడిగి తెచ్చుకోవచ్చు. టెర్మినల్ అద్దాలు, రన్‌వే పొడవు గురించి అడిగినంత గట్టిగా, అక్కడ దిగే విమానాల చక్రాలు విప్పి చూసేదెవరని కూడా అడగాలి. ప్రజాప్రతినిధులు వేదికల మీద జక్రాన్‌పల్లి పేరు ఎత్తిన ప్రతిసారీ ఈ ప్రశ్న ముందుకు రావాలి. శంషాబాద్ దాకా రాత్రి ప్రయాణం తప్పాలని కోరుకునే తల్లికి, ఇంటి దగ్గరే దిగే కొడుకు క్షేమంగా దిగాలన్నది అంతకంటే పెద్ద కోరిక.